విడిపోని ఉత్తరప్రదేశ్

రాష్ట్ర విభజన అనగానే తెలుగు పాఠకులకు 1953, 1956, 2014 సంవత్సరాలు గుర్తుకు రావడం సహజమే. అయితే విభజించి తీరాలన్న వాదన దేశంలోని అగ్రశ్రేణి మేధావుల నోట ఆంధ్రప్రదేశ్ ఏర్పడకముందే వెలువడినా, ఏడు దశాబ్దాల తరవాత కూడా, ఒక్క కొండప్రాంతం విషయంలో తప్ప, ఆ వాదన కాగితం దాటని రాష్ట్రం ఒకటుంది. అది ఉత్తరప్రదేశ్. 2011 జనాభా లెక్కల ప్రకారం 19.98 కోట్ల మంది, 2,40,928 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, 75 జిల్లాలు, 403 శాసనసభ స్థానాలు, 80 లోక్‌సభ స్థానాలు ఉన్న ఈ రాష్ట్రం జనసంఖ్యలో ఇంచుమించు బ్రెజిల్ దేశమంత. ఇంతటి భారాన్ని లక్నోలో ఉన్న ఒకే సచివాలయం మోయగలదా అన్న ప్రశ్న పాతదే, దానికి వచ్చిన జవాబులూ పాతవే. విడిపోవడానికి కావలసిన కారణాలన్నీ ఉన్న రాష్ట్రం ఎందుకు విడిపోలేదన్నది మాత్రం అంతగా చర్చకు రాని విషయం.

ఈ రాష్ట్రం ఒక భాషను ఆధారం చేసుకొనో ఒక ప్రాచీన రాజ్యపు హద్దులను అనుసరించో ఏర్పడింది కాదు. ఈస్టిండియా కంపెనీ కాశీ ప్రాంతాన్ని 1775లోను, గోరఖ్‌పూర్, రోహిల్‌ఖండ్, గంగా యమునల నడిమి నేలలో అధికభాగాన్ని 1801లో అవధ్ నవాబు నుంచి, ఆగ్రా ప్రాంతాన్ని 1803లో సింధియాల నుంచి సంపాదించుకొని, వాటిని 1836లో వాయవ్య పరగణాలు అనే పాలనా విభాగంగా కూర్చింది. మిగిలిన అవధ్‌ను 1856లో ఆక్రమించుకోగా, 1877లో రెండింటినీ ఒకే అధికారి కిందికి తెచ్చారు. 1902లో ఆగ్రా అవధ్ సంయుక్త పరగణాలు అన్న పేరు, 1937లో సంయుక్త పరగణాలు అన్న పొట్టి పేరు, 1950 జనవరి 24న ఉత్తరప్రదేశ్ అన్న ఇప్పటి పేరు వచ్చాయి. రాజధాని 1921 తరవాత క్రమంగా అలహాబాద్ నుంచి లక్నోకు తరలిపోయినా హైకోర్టు మాత్రం అలహాబాద్‌లోనే ఉండిపోయింది. వందేళ్ల కింద జరిగిన ఆ సర్దుబాటు ఇప్పటికీ మీరట్ న్యాయవాదుల ఆందోళనకు కారణమవుతూనే ఉంది. మొత్తం మీద ఇది ఆక్రమణల క్రమంలో ఒకదానికొకటి అతుక్కున్న ప్రాంతాల సమాహారం కాబట్టి, ఆ అతుకుల వెంబడే విడదీయవచ్చునన్న ఆలోచన పుట్టడంలో వింతేమీ లేదు.

ఆ ఆలోచనకు మొదట అధికారిక పత్రంలో చోటు కల్పించినవాడు సర్దార్ కె.ఎం. పణిక్కర్. కేంద్రం 1953 డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షుడిగా, హెచ్.ఎన్. కుంజ్రూ, పణిక్కర్ సభ్యులుగా నియమించిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక సమర్పించింది. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచాలని సూచించిన నివేదిక ఇదే కనుక తెలుగువారికి ఇది అపరిచితం కాదు. కాని ఇదే నివేదిక చివర ఉత్తరప్రదేశ్ గురించి పణిక్కర్ జతచేసిన భిన్నాభిప్రాయ పత్రం, అంటే తక్కిన సభ్యులతో ఏకీభవించలేక విడిగా రాసిన భాగం, దక్షిణాదిలో అందరూ చదవదగినదైనా ఎక్కువమంది చదవనిది. 1951 లెక్కల్లో 6.32 కోట్ల జనాభాతో దేశంలో ఇంచుమించు ఆరో వంతు ఉన్న ఒక్క రాష్ట్రం, 499 మంది ఉన్న లోక్‌సభకు 86 మందిని పంపడం సమాఖ్య సమతూకాన్ని చెడగొడుతుందని, మిగతా రాష్ట్రాల్లో అపనమ్మకాన్ని పెంచుతుందని ఆయన వాదన. అమెరికా, ఆస్ట్రేలియా వంటి సమాఖ్యలు ఎగువసభలో చిన్న రాష్ట్రానికీ పెద్ద రాష్ట్రానికీ సమాన సంఖ్యలో స్థానాలిచ్చి ఈ చిక్కును కొంత విప్పుకున్నాయి. భారత రాజ్యాంగంలో రాజ్యసభ స్థానాలు కూడా ఎక్కువగా జనాభాను అనుసరించే నడుస్తాయి కాబట్టి ఇక్కడ ఆ ఊరట లేదు.

పణిక్కర్ ఇచ్చిన ఉదాహరణ బిస్మార్క్ కాలపు జర్మనీది. 1871లో ఏర్పడిన జర్మన్ సామ్రాజ్యంలో జనాభాలోనూ విస్తీర్ణంలోనూ సగానికి మించిన ప్రష్యా, తన రాజునే చక్రవర్తిగా నిలిపి, మిగతా రాజ్యాలను తన వెనక నడిపించుకున్నది. ఆరో వంతు జనాభా ఉన్న ఉత్తరప్రదేశ్‌ను సగానికి మించిన ప్రష్యాతో పోల్చడంలో కొంత అతిశయం ఉందని ఒప్పుకోక తప్పదు గాని, ఆయన సూచించిన పరిష్కారం మాత్రం నిర్దిష్టమైనది. డెహ్రాడూన్, పీలీభీత్ జిల్లాలను మినహాయించి మీరట్, ఆగ్రా, రోహిల్‌ఖండ్, ఝాన్సీ డివిజన్లను, వాటితోపాటు వింధ్యప్రదేశ్ నుంచి దతియాను, మధ్యభారత్ నుంచి భిండ్, మొరేనా, గ్వాలియర్, శివపురి జిల్లాలను కలిపి ఆగ్రా రాష్ట్రం ఏర్పాటు చేయాలని ఆయన ప్రతిపాదించాడు. అప్పటికే పశ్చిమ జిల్లాలకు చెందిన 97 మంది శాసనసభ్యులు ప్రత్యేక రాష్ట్రం కోరుతూ సంఘానికి వినతిపత్రం ఇచ్చి ఉన్నారు కనుక ఇది గాలిలో పుట్టిన ఊహ కాదు. అయినా తక్కిన ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు. నివేదిక అమలు బాధ్యత పడిన కేంద్ర హోంమంత్రి గోవింద వల్లభ్ పంత్ కొద్ది నెలల కిందటి వరకూ అదే ఉత్తరప్రదేశ్‌కు ముఖ్యమంత్రి. దేశపటమంతా తిరగరాసిన 1956 చట్టం ఉత్తరప్రదేశ్ ఎల్లలను దాదాపు తాకనైనా తాకలేదు.

నివేదిక వెలువడిన కొద్ది నెలలకే, 1955 చివరలో, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ భాషాప్రయుక్త రాష్ట్రాలపై ఒక చిన్న పుస్తకం ప్రచురించి పణిక్కర్ వాదనను మరింత ముందుకు తీసుకుపోయాడు. ఒక రాష్ట్రంలో ఒకే భాష ఉండటం మేలే గాని, ఒక భాష మాట్లాడేవారంతా ఒకే రాష్ట్రంలో ఉండి తీరాలన్న నియమం ఏమీ లేదన్నది ఆయన మూలసూత్రం. సంఘం దక్షిణాదిని ముక్కలుగా చేసి ఉత్తరాదిని ముద్దగా ఉంచిందని విమర్శిస్తూ, ఉత్తరప్రదేశ్‌ను మీరట్, కాన్పూర్, అలహాబాద్ రాజధానులుగా ఒక్కొక్కటి సుమారు రెండు కోట్ల జనాభా గల మూడు రాష్ట్రాలుగా, బిహార్‌ను పట్నా, రాంచీ కేంద్రాలుగా రెండుగా, మధ్యప్రదేశ్‌ను ఉత్తర దక్షిణ భాగాలుగా విడదీయాలన్నాడు. ఉత్తర దక్షిణాల మధ్య అపనమ్మకాన్ని తగ్గించడానికి హైదరాబాద్‌ను దేశానికి రెండో రాజధాని చేయాలన్న సూచన కూడా ఆ పుస్తకంలోనిదే. పణిక్కర్ దృష్టి ఢిల్లీలో అధికారపు సమతూకం మీద ఉంటే, అంబేడ్కర్ దానికి ఇంకొక అంశాన్ని జోడించాడు: పెద్ద రాష్ట్రంలో సంఖ్యాబలం ఉన్న కులాల ఒత్తిడి కింద చిన్న సమూహాలు నలిగిపోతాయని, రాష్ట్రం చిన్నదైతే ఆ బరువు కొంత తగ్గుతుందని ఆయన నమ్మాడు. బిహార్, మధ్యప్రదేశ్ విషయాల్లో ఆయన మాట 2000లో చాలావరకు నిజమైంది; ఒకే భాషకు రెండు రాష్ట్రాలు ఉండవచ్చునన్న మాట 2014లో తెలుగు నేల మీద నిజమైంది. ఆయన అన్నిటికన్నా ముందు విడదీయాలన్న ఉత్తరప్రదేశ్ మాత్రం మైదానం మేర చెక్కుచెదరలేదు.

విడిపోయిన ఒక్క భాగం ఎలా విడిపోయిందో చూస్తే మిగిలినవి ఎందుకు విడిపోలేదో కొంత అర్థమవుతుంది. కుమావూన్, గఢ్వాల్ కొండజిల్లాలు పణిక్కర్ పటంలో గాని అంబేడ్కర్ పటంలో గాని ప్రత్యేక రాష్ట్రాలు కావు. కాని అక్కడి జనానికి తాము మైదానం వారికన్నా వేరన్న స్పృహ బలంగా ఉంది, వ్యవసాయం వేరు, అడవితో సంబంధం వేరు, మగవారు సైన్యంలోకో నగరాలకో వెళ్లిపోగా ఇళ్లూ పొలాలూ నడిపే స్త్రీలే ఉద్యమానికి వెన్నెముకగా నిలిచారు. 1979లో ఉత్తరాఖండ్ క్రాంతి దళ్ ఏర్పడినా అగ్గి రాజుకున్నది 1994లో: వెనకబడిన తరగతులకు 27 శాతం రిజర్వేషన్లను ఆ తరగతుల జనాభా చాలా తక్కువగా ఉన్న కొండజిల్లాల్లోనూ అమలుచేయబోవడంతో విద్యార్థులు రోడ్డెక్కారు. ఆ సెప్టెంబరు 1న ఖటీమాలో, 2న ముస్సోరీలో పోలీసు కాల్పులు జరిగాయి; ఢిల్లీకి బయలుదేరిన ఉద్యమకారులపై అక్టోబరు 2 తెల్లవారుజామున ముజఫర్‌నగర్ దగ్గర రాంపూర్ తిరాహాలో జరిగిన హింస తరవాత వెనక్కి తగ్గే మార్గం ఏ పార్టీకీ మిగల్లేదు. 2000 నవంబరు 9న ఉత్తరాంచల్ పేరుతో పుట్టిన ఆ రాష్ట్రం 2007 జనవరి నుంచి ఉత్తరాఖండ్ అయింది. దాంతో ఉత్తరప్రదేశ్ లోక్‌సభ స్థానాలు 85 నుంచి 80కి తగ్గాయి గాని జనాభాలో పోయింది ఇరవయ్యో వంతు మాత్రమే కావడంతో, పరిమాణం గురించిన అసలు ప్రశ్న ఉన్నచోటే ఉండిపోయింది.

మైదానంలో మిగిలిన మూడు ప్రాంతాల ఫిర్యాదులు ఒకదానికొకటి పోలిక లేనివి, కొన్నిచోట్ల ఒకదానికొకటి ఎదురుతిరిగేవి. పశ్చిమ జిల్లాలది సంపన్నుల ఫిర్యాదు. పంతొమ్మిదో శతాబ్దిలోనే తూర్పు యమునా కాలువ, ఎగువ గంగా కాలువ పారిన ఈ నేల మీద చెరకు, గోధుమ పండుతాయి. హరిత విప్లవపు ఫలితాలు రాష్ట్రంలో ముందుగా అందింది ఇక్కడి రైతుకే. నోయిడా, ఘాజియాబాద్‌ల రూపంలో ఢిల్లీ సంపద పొంగి పడింది కూడా ఇక్కడే. రాష్ట్ర మొత్తం ఉత్పత్తిలో దాదాపు సగం ఈ ప్రాంతం నుంచే వస్తుంది కనుక, ఇక్కడ వసూలైన పన్ను మరెక్కడో ఖర్చవుతున్నదన్న అసంతృప్తి అజిత్ సింగ్ నాయకత్వంలోని రాష్ట్రీయ లోక్‌దళ్ హరిత ప్రదేశ్ నినాదంగా రూపుదాల్చింది. దీనికి తోడు హైకోర్టు ప్రశ్న ఉంది. మీరట్ కక్షిదారు ఢిల్లీ హైకోర్టును దాటి ఆరువందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అలహాబాద్, అంటే ఇప్పటి ప్రయాగ్‌రాజ్ చేరుకోవాలి; అంతకన్నా లాహోర్ హైకోర్టే దగ్గరని అక్కడి న్యాయవాదులు ఎగతాళిగా అంటుంటారు. పశ్చిమాన హైకోర్టు బెంచ్, అంటే అదే హైకోర్టుకు మరో ఊళ్లో శాశ్వతంగా కూర్చునే శాఖ, ఏర్పాటు చేయాలని అక్కడి న్యాయవాదులు దశాబ్దాలుగా శనివారాలు కోర్టు పనులు బహిష్కరిస్తూ వస్తున్నారు. 1981లో నియమితమైన జస్టిస్ జస్వంత్ సింగ్ కమిషన్ ఆగ్రాలో బెంచ్ ఉండాలని సిఫార్సు చేసినా అది అమలు కాలేదు. ప్రత్యేక రాష్ట్రం వస్తే ప్రత్యేక హైకోర్టు దానంతటదే వస్తుందన్న లెక్క ఈ ఉద్యమం వెనక ఎప్పుడూ ఉంది. మరో విధంగా చెప్పాలంటే, ఒక బెంచ్ ఇచ్చి ఉంటే ఈ డిమాండ్ సగం చల్లబడేది.

తూర్పున ఉన్న పూర్వాంచల్‌ది పేదరికపు ఫిర్యాదు. ఘాగ్రా, రాప్తి, గండక్ నదుల వరదలు, మనిషికి చాలని భూమి, బయటికి పోతే తప్ప గడవని బతుకు ఈ భోజ్‌పురి సీమ లక్షణాలు. పంతొమ్మిదో శతాబ్దిలో మారిషస్, ఫిజీ, ట్రినిడాడ్, సురినామ్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో పెద్దభాగం ఈ సీమకూ దాని పక్కనున్న బిహార్ జిల్లాలకూ చెందినవారే. నేడు ముంబయి, సూరత్‌లతో పాటు హైదరాబాద్ నిర్మాణ పనుల్లోనూ కనిపించేది వారి వారసులే. 1962లో ఘాజీపూర్ ఎంపీ విశ్వనాథ్ సింగ్ గహ్మరీ, పశువుల పేడలోని గింజలు ఏరుకుని తినే దుస్థితి తన ప్రాంతంలో ఉందని లోక్‌సభలో వివరించినప్పుడు సభ నిశ్చేష్టమైంది. నెహ్రూ ప్రభుత్వం బి.పి. పటేల్ ఆధ్వర్యంలో ఒక అధ్యయన బృందాన్ని నియమించగా, ఆ బృందం ఘాజీపూర్, ఆజంగఢ్, జౌన్‌పూర్, దేవరియా జిల్లాలను పరిశీలించి 1964లో నివేదిక ఇచ్చింది. తరవాతి ప్రభుత్వాలు అభివృద్ధి నిధులూ మండళ్లూ పెట్టాయి. విచిత్రమేమంటే రాష్ట్రానికి థర్మల్ విద్యుత్తులో ముఖ్యభాగాన్ని అందించే ఓబ్రా, అన్‌పరా కేంద్రాలు ఈ తూర్పు దిక్కునే, సోన్‌భద్ర జిల్లాలో ఉన్నాయి; రాష్ట్రం విడిపోతే కరెంటు తూర్పున, దాన్ని కొనగలిగిన పరిశ్రమలు పడమట ఉండిపోతాయి.

బుందేల్‌ఖండ్‌ది నీటి ఫిర్యాదు. ఝాన్సీ, జాలౌన్, లలిత్‌పూర్, హమీర్‌పూర్, మహోబా, బాందా, చిత్రకూట్ అనే ఏడు జిల్లాల్లో జనాభా కోటికి లోపే. రాతినేల నీటిని పట్టి ఉంచదు కనుక, కాకతీయుల చెరువులను తలపించే చందేల రాజుల చెరువులే ఒకప్పుడు ఈ ప్రాంతానికి ఆధారం. అవి పూడుకుపోయాక వరుస కరువులు వలసలుగా మారాయి. ఇక్కడి చిక్కు ఏమిటంటే చారిత్రక బుందేల్‌ఖండ్‌లో సగం మాత్రమే ఉత్తరప్రదేశ్‌లో ఉంది. సాగర్, దమోహ్, ఛతర్‌పూర్, టీకమ్‌గఢ్, పన్నా, దతియా జిల్లాలు మధ్యప్రదేశ్‌వి. 1989లో శంకర్‌లాల్ మెహరోత్రా స్థాపించిన బుందేల్‌ఖండ్ ముక్తి మోర్చా రెండు వైపులా ఉన్న జిల్లాలనూ కలిపి రాష్ట్రం కోరింది. కేంద్రం రాష్ట్రం ఇవ్వలేదు గాని, ఈ ఉమ్మడి ప్రాంతాన్ని ఒక యూనిట్‌గా గుర్తించి 2009లో 7,266 కోట్ల రూపాయల ప్రత్యేక ప్యాకేజీ ప్రకటించింది. 44,605 కోట్ల అంచనాతో 2021 డిసెంబరులో ఆమోదం పొందిన కెన్ బెత్వా నదుల అనుసంధానం కూడా ఈ రెండు రాష్ట్రాల బుందేల్‌ఖండ్‌ను ఉద్దేశించినదే.

ఈ మూడు ఫిర్యాదులను ఒక్క తీర్మానంలోకి మడిచినది బహుజన సమాజ్ పార్టీకి చెందిన ముఖ్యమంత్రి మాయావతి ప్రభుత్వం. 2009 డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించిన కొద్దిరోజులకే ఆమె తన రాష్ట్ర విభజన కోరుతూ ప్రధానికి లేఖలు రాశారు. హైదరాబాద్‌లో వెలువడిన సెగ లక్నోకు అంత త్వరగా తగిలింది. 2011 నవంబరు 21న, ఎన్నికలకు ఇంకా కొద్ది నెలలే ఉండగా, ఉత్తరప్రదేశ్ శాసనసభ మూజువాణి ఓటుతో, అంటే సభ్యుల తలలు లెక్కించకుండా ఔను కాదు అనే కేకలను బట్టి నిర్ణయించే పద్ధతిలో, రాష్ట్రాన్ని నాలుగుగా విడదీయాలని తీర్మానించింది. పూర్వాంచల్‌కు 32, పశ్చిమ ప్రదేశ్‌కు 22, అవధ్ ప్రదేశ్‌కు 14, బుందేల్‌ఖండ్‌కు 7 జిల్లాలు. గందరగోళం నడుమ చర్చ లేకుండానే కొద్ది నిమిషాల్లో పని ముగిసింది. ఇరవై కోట్ల మంది భవిష్యత్తుకు ఆ కొద్ది నిమిషాలు చాలునని ఆనాటి సభ భావించిందనుకోవాలి. ఈ నాలుగింటిలో అవధ్ ప్రదేశ్‌ను ప్రత్యేకంగా కోరినవారెవరూ లేరు. మిగతా మూడు పోగా మిగిలినదే అది. పూర్వాంచల్ జనాభా ఎనిమిది కోట్ల దరిదాపుల్లో, అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినంత ఉంటే, బుందేల్‌ఖండ్ కోటికి చేరదు. చిన్న రాష్ట్రాల పేరిట వచ్చిన ప్రతిపాదనలో ఒక రాష్ట్రం పెద్దదిగానే ఉండిపోయింది.

కేంద్రం ఆ డిసెంబరులోనే తీర్మానాన్ని ప్రశ్నలతో తిప్పి పంపింది. సరిహద్దులు ఎక్కడ, రాజధానులు ఏవి, అప్పులు ఎలా పంచుతారు, అఖిల భారత సర్వీసుల అధికారులను ఎలా కేటాయిస్తారు, లోటు వచ్చే రాష్ట్రాలు ఎలా నిలబడతాయి అన్నవి ఆ ప్రశ్నల సారాంశం. జవాబుల దాకా వ్యవహారం వెళ్లకముందే 2012 ఎన్నికల్లో బహుజన సమాజ్ పార్టీ 206 స్థానాల నుంచి 80కి పడిపోగా, విభజనను బాహాటంగా వ్యతిరేకించిన సమాజ్‌వాదీ పార్టీ 224 స్థానాలతో అధికారంలోకి వచ్చింది. విభజన వాగ్దానం ఓట్లు తేలేదన్న పాఠాన్ని అన్ని పార్టీలూ నేర్చుకున్నట్టే ఉన్నాయి.

చట్టరీత్యా చూస్తే అసెంబ్లీ తీర్మానం అవసరమూ కాదు, చాలినదీ కాదు. రాజ్యాంగం మూడో అధికరణ ప్రకారం కొత్త రాష్ట్రాన్ని ఏర్పరచే అధికారం పార్లమెంటుదే. రాష్ట్రపతి సిఫార్సుతో ప్రవేశపెట్టే బిల్లును సంబంధిత శాసనసభ అభిప్రాయం కోసం గడువు పెట్టి పంపాలి, ఆ అభిప్రాయం ఏదైనా సాధారణ మెజారిటీతో చట్టం చేయవచ్చు. అభిప్రాయం అడగడమే తప్ప పాటించడం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 1959లో బాబూలాల్ పరాతే కేసులో స్పష్టం చేసింది. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ తిరస్కరించిన బిల్లు మరుసటి నెల 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో నెగ్గడం ఈ నియమానికి ఇటీవలి దృష్టాంతం. అసెంబ్లీ వద్దన్న రాష్ట్రం విడిపోయింది, కావాలన్న రాష్ట్రం విడిపోలేదు.

డబ్బు సంగతి మరికొంత నిలిచి చూడదగినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆదాయం ఒక్క హైదరాబాద్‌లో పోగుపడినట్టే, ఉత్తరప్రదేశ్‌లో నోయిడా, ఘాజియాబాద్‌లలో పోగుపడింది. తేడా ఏమంటే తెలుగునాట విడిపోతామన్న ప్రాంతంలోనే ఆ నగరం ఉండి, అదే అందరికీ రాజధాని కావడం వల్ల పేచీ వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ఆ నగరాలు రాజధానికి దూరంగా, ఢిల్లీ గడపలో ఉన్నాయి. విడిపోతే మిగతా మూడు రాష్ట్రాలు ఆ పన్నుల్ని ఒక్కసారిగా పోగొట్టుకుంటాయి. అయితే ఆర్థిక సంఘం లెక్కలు ఈ నష్టాన్ని కొంత పూడ్చే అవకాశం ఉంది. కేంద్రం వసూలుచేసే పన్నుల్లో రాష్ట్రాలకు పంచే మొత్తాన్ని నిర్ణయించేటప్పుడు, సంపన్న రాష్ట్రాలతో పోలిస్తే తలసరి ఆదాయంలో ఎంత వెనకబడి ఉన్నారన్న కొలమానానికి పదిహేనో ఆర్థిక సంఘం 45 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. 2021-26 కాలానికి ఉత్తరప్రదేశ్ వాటా 17.939 శాతంగా తేలింది. ఇప్పుడు పశ్చిమ జిల్లాల సంపద కలిసి రాష్ట్ర సగటును పైకి లాగుతున్నది కాబట్టి, విడిగా లెక్కిస్తే పూర్వాంచల్, బుందేల్‌ఖండ్‌లు ఇంకా పేదవిగా కనబడి వాటికి తలసరి వాటా పెరుగుతుంది. ఆ పెంపు కొత్త సచివాలయాలకు, శాసనసభలకు, హైకోర్టులకు అయ్యే ఖర్చును మించుతుందా అన్న లెక్కను విభజన కోరేవారూ వద్దనేవారూ కూడా ప్రజల ముందు పెట్టలేదు.

ఆస్తుల పంపకం ఎంతకాలం సాగుతుందో చెప్పడానికి ఉత్తరాఖండ్ చాలు. హరిద్వార్ దగ్గర మొదలయ్యే గంగా కాలువల అజమాయిషీ, టిహ్రీ జలవిద్యుత్ సంస్థలో ఉత్తరప్రదేశ్‌కున్న 25 శాతం వాటా విభజన తరవాత ఏళ్ల తరబడి తగవులుగా మిగిలాయి, రెండోది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ విభజన చట్టంలోని తొమ్మిది, పదో షెడ్యూళ్ల సంస్థల పంపకం గురించి పదేళ్లుగా వింటున్న తెలుగు పాఠకుడికి ఇంతకన్నా వివరించనక్కర లేదు.

ఇన్ని కారణాలున్నా జనం కదలకపోవడానికి మొదటి హేతువు గుర్తింపుకు సంబంధించినది. పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష వెనక భాష ఉంది, 1969 తెలంగాణ ఉద్యమం వెనక ఉద్యోగాల లెక్కతో పాటు యాసకూ జీవనవిధానానికీ జరిగిన అవమానపు స్పృహ ఉంది. ఉత్తరప్రదేశ్‌లో వ్రజభాష, అవధి, బుందేలి, భోజ్‌పురి వంటి సుసంపన్నమైన సాహిత్యమో మౌఖిక సంప్రదాయమో ఉన్న భాషలు ఉన్నా, ఇరవయ్యో శతాబ్దిలో హిందీ ఉద్యమానికి నాయకత్వం వహించిన కాశీ, అలహాబాద్‌లు ఈ భాషలన్నింటినీ హిందీ గొడుగు కిందికి తెచ్చాయి. ఆ నిర్మాణంలో గర్వంగా పాల్గొన్న విద్యావంతులు తమ ఇంటిభాష పేరిట రాష్ట్రం అడగలేకపోయారు. పైగా భోజ్‌పురి సీమ బిహార్‌తోనూ బుందేలి సీమ మధ్యప్రదేశ్‌తోనూ పంచుకున్నవి కావడంతో, గీసిన ఏ గీతా ఆ భాషాసీమ మొత్తాన్ని చుట్టి రాదు.

రెండోది పార్టీల లెక్క. యాదవులు, జాటవులు వంటి సమూహాల ఓట్లు రాష్ట్రమంతటా పరచుకొని ఉన్నందువల్లే వాటి మీద ఆధారపడిన పార్టీలు లక్నోలో ప్రభుత్వాలు ఏర్పరచగలిగాయి. పశ్చిమ ప్రదేశ్ విడిపోతే జాట్ల బరువూ, రాంపూర్‌లో సగం, మొరాదాబాద్, సహారన్‌పూర్ జిల్లాల్లో నలభై శాతానికి పైగా ఉన్న ముస్లింల బరువూ అక్కడి రాజకీయాన్ని పూర్తిగా మార్చేస్తాయి. ఆ మార్పు ఎవరికి లాభమో ముందుగా తేల్చుకోలేని పార్టీలన్నీ ఎన్నికల ముందు విభజనను ప్రస్తావించి తరవాత మరిచిపోతుంటాయి. కేంద్ర సహాయమంత్రిగా ఉండగా సంజీవ్ బాల్యాన్ 2023 అక్టోబరులో మీరట్ రాజధానిగా పశ్చిమ రాష్ట్రం కావాలన్నా, ఆయన పార్టీ బీజేపీ ఆ మాటను తన విధానంగా ప్రకటించలేదు.

మూడోది ఢిల్లీ. నెహ్రూ, లాల్ బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధీ, చరణ్ సింగ్, రాజీవ్ గాంధీ, వి.పి. సింగ్, చంద్రశేఖర్, వాజపేయి, నరేంద్ర మోదీ ఏదో ఒక కాలంలో ఈ రాష్ట్రం నుంచి లోక్‌సభకు ఎన్నికైనవారే. (ఇందిర 1980లో రాయ్‌బరేలీతో పాటు మెదక్‌లోనూ గెలిచి, మెదక్‌ను ఉంచుకొని రాయ్‌బరేలీని వదులుకోవడం ఈ వరుసలో చిన్న మినహాయింపు.) ఢిల్లీని ఏలే దారి లక్నో మీదుగా పోతుందన్న నమ్మకం ఉన్న సమాజం ఆ దారిని నాలుగు పాయలుగా చేసుకోవడానికి ఉత్సాహపడదు. పణిక్కర్ 1955లో దోషమని చూపిన పరిమాణమే ఆ రాష్ట్రవాసుల దృష్టిలో బలం. దేశానికి సమతూకం కావాలన్న మేధావుల వాదనకు, తనకు హైకోర్టో నీళ్లో పనో దగ్గరగా కావాలన్న జిల్లావాసి కోరికకు మధ్య ముడి పడకపోవడమే ఈ ప్రతిపాదన చరిత్రలోని అసలు లోపం. కొండల్లో ఆ రెండో కోరిక ఒక్కటే, ఏ సిద్ధాంతం తోడూ లేకుండా, రాష్ట్రాన్ని సాధించింది.

చిన్న రాష్ట్రం మంచి పాలనకు హామీ కాదన్నది 2000 తరవాతి అనుభవం. ఉత్తరాఖండ్‌తో పాటు ఒకే నెలలో పుట్టిన ఛత్తీస్‌గఢ్‌లో రమణ్ సింగ్ పదిహేనేళ్లు నిలకడగా పాలించగా, ఝార్ఖండ్‌లో ప్రభుత్వాలు వరుసగా కూలి, ఒక స్వతంత్ర సభ్యుడు ముఖ్యమంత్రి కావడం దాకా వెళ్లింది. ఉత్తరాఖండ్ రెండు దశాబ్దాల తరవాత 2020లో గైర్‌సైణ్‌ను వేసవి రాజధానిగా ప్రకటించుకున్నా శాశ్వత రాజధాని ప్రశ్న తేలలేదు.

ఇటీవల ఈ పాత చర్చకు దక్షిణాది నుంచి కొత్త ఊపు వస్తున్నది. 2001లో చేసిన 84వ రాజ్యాంగ సవరణ ప్రకారం రాష్ట్రాల వారీ లోక్‌సభ స్థానాల సంఖ్య 2026 తరవాత జరిగే మొదటి జనగణన వరకు మారదు. ఆ తరవాత నియోజకవర్గాల పునర్విభజన జనాభాను బట్టే జరిగితే తమ వాటా తగ్గి ఉత్తరప్రదేశ్, బిహార్‌ల వాటా పెరుగుతుందని తెలుగు రాష్ట్రాలతో సహా దక్షిణాది ఆందోళన చెందుతున్నది. ఆ రాష్ట్రాన్ని విడదీస్తే ఈ భయం తీరుతుందన్న సూచనలో ఒక పొరపాటు ఉంది. 2000లో ఉత్తరప్రదేశ్ రాజ్యసభ స్థానాలు 34 కాస్తా 31, 3గా, 2014లో ఆంధ్రప్రదేశ్‌వి 18 కాస్తా 11, 7గా పంచారే తప్ప మొత్తం మారలేదు. అలాగే నాలుగు రాష్ట్రాలైనా ఆ 80 లోక్‌సభ స్థానాలు 80గానే ఉంటాయి, పునర్విభజన తరవాత పెరిగేవి పెరుగుతాయి. మారేదల్లా ఆ సభ్యులు ఒకే ముఖ్యమంత్రికి, ఒకే రాష్ట్ర పార్టీ శాఖకు జవాబుదారీగా ఉండకపోవడం, నీటి పంపకంలోనూ ఆర్థిక సంఘం ముందూ నాలుగు వేర్వేరు ప్రయోజనాల తరఫున మాట్లాడవలసి రావడం. పణిక్కర్ ఆశించినది ఇదే. బుందేల్‌ఖండ్ ఎంపీ బెత్వా నీటి కోసం, పూర్వాంచల్ ఎంపీ పన్నుల్లో అదనపు వాటా కోసం, నోయిడా ఎంపీ ఆ వాటా తగ్గించడం కోసం వాదించే పార్లమెంటులో దక్షిణాది రాష్ట్రాలకు అంశాన్ని బట్టి మిత్రులు దొరికే వీలుంటుంది.